ఇంటి త్రీడీ బొమ్మలకి బ్లెండర్ సైకిల్స్ ఎంతవరకు పనికొస్తుంది?

పునాది పడకముందే ఇంటి త్రీడీ ఎలివేషన్ వాట్సాప్‌లో చుట్టాలందరికీ చేరిపోతున్న రోజులివి. ఆ బొమ్మల్లో చాలావాటిని చూడగానే కంప్యూటర్లో చేసినవని తెలిసిపోతుంది. గోడలు ప్లాస్టిక్‌లా మెరుస్తాయి, నీడలు పడాల్సిన దిక్కున పడవు, గడ్డి రేడియం పచ్చగా ఉంటుంది. తప్పంతా సాఫ్ట్‌వేర్‌దేనని ఖరీదైన దానికి మారేవాళ్లున్నారు. మారాక కూడా గోడలు అలాగే మెరుస్తుంటాయి.

బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ ఉచితం. జీపీఎల్ లైసెన్సు కాబట్టి వ్యాపారానికి వాడుకున్నా ఎవరూ అడగరు, వచ్చిన బొమ్మ మీదే. అందులో ఉన్న సైకిల్స్ 2011 చివర్లో 2.61 వెర్షన్‌తో వచ్చిన రెండర్ ఇంజన్. వెలుతురు ఒక గోడ మీద పడి ఇంకో గోడ మీదికి ఎలా ఎగురుతుందో లెక్కకట్టి బొమ్మ తయారుచేస్తుంది. 2021 డిసెంబరులో 3.0 వచ్చినప్పుడు లోపలి పనితీరును చాలావరకు తిరగరాశారు, వేగం అప్పుడే బాగా పెరిగింది. ఇక్కడ చెప్పేదంతా 2025 జులైలో వచ్చిన 4.5 ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం మద్దతుండే వెర్షన్) గురించి.

తీర్పు ముందే చెప్పేస్తాం. బయటి ఎలివేషన్‌కీ, బ్రోచర్‌లో వేసే స్టిల్ బొమ్మలకీ దీన్ని ధైర్యంగా తీసుకోవచ్చు. ఖరీదైన రెండరర్ల పక్కన పెట్టి చూసినా తేడా పట్టుకోవడం కష్టం. కిటికీలోంచి పగటి వెలుతురు వచ్చే ఇంటీరియర్‌కి ఓపిక, మంచి గ్రాఫిక్స్ కార్డు రెండూ ఉండాలి. రోజుకి నాలుగైదు ఎలివేషన్లు పంపాల్సిన ఆఫీసుకి మాత్రం సరిపడదు. ఎందుకో కిందికి వెళ్లాక చెప్తాం.

అసలు చిక్కు ఇంజన్‌లో లేదు, డిఫాల్ట్ విలువల్లో ఉంది. బ్లెండర్ యానిమేషన్ స్టూడియోలో పుట్టింది, సినిమాలు తీసేవాళ్ల చేతుల్లో పెరిగింది. ఇల్లు కట్టేవాళ్ల కొలతలు దానికి తెలియవు. తెరవగానే కనిపించే సీనులో దీపం 1000 వాట్లు, కెమెరా లెన్సు 50 మి.మీ. మూలల పదును తగ్గించే బెవెల్ మాడిఫయర్ పెడితే వచ్చే వెడల్పు 10 సెంటీమీటర్లు, అంటే లోపలి అడ్డగోడ మందమంత. వీటిలో ఏవి మార్చాలో తెలిస్తే బ్లెండర్ మంచి రెండరర్. తెలియకపోతే అదే ప్లాస్టిక్ గోడ.

డ్రాయింగు లోపలికి తేవడం

బ్లెండర్ బలహీనత మొదట బయటపడేది ఇక్కడే. ఆటోక్యాడ్ డ్రాయింగు, అంటే డీడబ్ల్యూజీ ఫైలును ఇది నేరుగా తెరవదు. ఓడీఏ ఫైల్ కన్వర్టర్ అనే ఉచిత ప్రోగ్రాంతో డీఎక్స్ఎఫ్‌గా మార్చుకుని, డీఎక్స్ఎఫ్ ఇంపోర్ట్ యాడ్ఆన్‌తో తెచ్చుకోవాలి. 4.2 నుంచి ఈ యాడ్ఆన్ ఇన్‌స్టాలర్‌తో రావడం లేదు, ఎక్స్‌టెన్షన్స్ నుంచి విడిగా దించుకోవాలి.

తెచ్చాక మొదట మెయిన్ డోర్ కొలవండి. మూడున్నర అడుగులు, ఏడడుగుల తలుపైతే 1.07 మీటర్ల వెడల్పు, 2.13 మీటర్ల ఎత్తు చూపించాలి. అంగుళాల్లో గీసిన డ్రాయింగును మీటర్లుగా తీసుకుంటే ఇల్లు 39.37 రెట్లు పెద్దదవుతుంది, మిల్లీమీటర్లలో గీసిందైతే 1000 రెట్లు. కంటికి తేడా తెలియదు, ఎందుకంటే తెరమీద ఇల్లు ఇల్లులాగే ఉంటుంది. కానీ దీపాల బలం, టైల్స్ సైజు, గాజు మందం, బెవెల్ అన్నీ తప్పుతాయి. ఆ తర్వాత ఎన్ని సెట్టింగులు తిప్పినా బొమ్మ కుదరదు.

సర్వే డ్రాయింగు అయితే ఇంకో గొడవ ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల యూటీఎం అనే మ్యాపు కొలతల పద్ధతిలో ఉత్తర దిశ అంకె 19 లక్షల మీటర్ల పైమాటే. బ్లెండర్ బిందువులను 32-బిట్ దశాంశ అంకెల్లో దాచుకుంటుంది. అంత పెద్ద అంకె దగ్గర రెండు వరుస విలువల మధ్య ఎడం 12.5 సెంటీమీటర్లు. అంటే నాలుగున్నర అంగుళాల గోడ రెండు ముఖాలూ ఒకే గీత మీదికి వచ్చి పడొచ్చు. గోడలు వంకరపోయి, నీడలు చారలు చారలుగా కనిపిస్తుంటే కారణం ఇదే. ప్లాటు మూలను సున్నా బిందువుకి జరిపే పని క్యాడ్‌లోనే చేసి, ఆ తర్వాత డీఎక్స్ఎఫ్ తీయాలి. బ్లెండర్‌లోకి వచ్చాక జరిపితే లాభం లేదు, పోయిన కొలత పోయినట్టే.

స్కెచప్ నుంచి వచ్చేవాళ్లు ఎఫ్‌బీఎక్స్ గానీ ఓబీజే గానీ తీసి తెచ్చుకోవచ్చు. ఓవర్‌లేల్లో ఫేస్ ఓరియంటేషన్ ఆన్ చేస్తే తిరగబడ్డ ముఖాలు ఎర్రగా కనిపిస్తాయి. అన్నీ ఎంచుకుని షిఫ్ట్ ఎన్ నొక్కితే చాలావరకు సర్దుకుంటాయి, మిగిలినవి చేత్తో తిప్పాలి. ముఖాలన్నీ త్రికోణాలుగా వస్తే ఆల్ట్ జే. ఒకే చోట రెండు ముఖాలు అతుక్కుని ఉంటే రెండర్‌లో నల్లటి మచ్చలు పడతాయి. స్లాబు పైముఖం, దానిమీద వేసిన టైల్స్ అడుగుముఖం ఒకే ఎత్తులో ఉన్నప్పుడు తరచూ జరిగేది ఇదే. రెవిట్‌లో చేసిన మోడల్ అయితే ఐఎఫ్‌సీ అనే భవన మోడల్ ఫైలుగా తీసి బాన్సాయ్ యాడ్ఆన్‌తో తెరవడం మేలు. దీన్ని మునుపు బ్లెండర్‌బిమ్ అనేవారు. గోడ, కిటికీ, తలుపు వేరువేరు వస్తువులుగా పేర్లతో సహా వస్తాయి.

నిజానికి మామూలు ఇంటికి దిగుమతి మీద ఆశ పెట్టుకోకుండా, ప్లాన్ గీతల్ని అడుగున పెట్టి గోడలు కొత్తగా లేపుకోవడమే తొందరగా తెములుతుంది. బయటి గోడ 230 మి.మీ., లోపలిది 115, స్లాబు 125, అంతస్తు నుంచి అంతస్తుకి పదడుగులు, సన్‌షేడ్ రెండడుగులు ముందుకి. మూలలన్నిటికీ 2 నుంచి 3 మి.మీ. బెవెల్ ఇవ్వండి. నిజమైన సిమెంటు మూల కత్తిలా ఉండదు, దానిమీద సన్నగా వెలుగు గీత పడుతుంది. ఆ గీత లేకపోవడమే కంప్యూటర్ బొమ్మని పట్టిచ్చేది. బెవెల్ ఒకవైపు లావుగా, ఇంకోవైపు సన్నగా వస్తే ఆ వస్తువు స్కేల్ ఖరారు చేయలేదని అర్థం. కంట్రోల్ ఏ నొక్కి స్కేల్ ఎంచుకుంటే సరి.

సూర్యుడు ఎక్కడున్నాడో చూసుకోవాలి

సన్ పొజిషన్ యాడ్ఆన్ ఈ సాఫ్ట్‌వేర్‌లో ఇల్లు గీసేవాళ్లకి దొరికిన వరం. ఇది కూడా ఇప్పుడు ఎక్స్‌టెన్షన్స్‌లోనే ఉంది. అక్షాంశం, రేఖాంశం, తేదీ, గంట ఇస్తే సూర్యుణ్ని సరిగ్గా అక్కడ పెడుతుంది. హైదరాబాద్‌కి 17.385, 78.487. టైమ్ జోన్ 5.5. ప్లాన్‌లో ఉత్తరం బాణం ఎటుందో చూసి నార్త్ ఆఫ్‌సెట్ తప్పకుండా దిద్దండి, లేకపోతే వై అక్షాన్నే ఉత్తరం అనుకుంటుంది.

దీన్ని వదిలేసి చేత్తో సూర్యుణ్ని పెట్టేవాళ్లు సాధారణంగా ఎక్కడ అందంగా ఉంటే అక్కడ పెడతారు. ఇంటివాళ్లకి మాత్రం తమ వాకిట్లో ఎండ ఎప్పుడొస్తుందో బాగా తెలుసు. ఉత్తరముఖం ఇంటి ఎలివేషన్ మీద డిసెంబరు మధ్యాహ్నపు ఎండ దంచుతుంటే, ఏదో తేడా ఉందని ఎవరో ఒకరు అనేస్తారు. ఆ సమయంలో హైదరాబాద్‌లో సూర్యుడు దక్షిణం వైపు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, ఉత్తరపు గోడ మొత్తం నీడే. జూన్ మూడోవారంలో సంగతి తలకిందులు. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిని దాటి ఉత్తరం వైపు ఆరు డిగ్రీలు ఒరుగుతాడు, సన్‌షేడ్ నీడ గోడ పొడవునా కిందికి సాగుతుంది. ఉత్తరముఖం ఇల్లు వెలుతురులో చూపించాలంటే జూన్ ఉదయం ఎనిమిది గంటలు పెట్టండి. అది నిజం, చూడ్డానికీ బాగుంటుంది. తూర్పుముఖానికి ఏ నెలైనా ఎనిమిది, తొమ్మిది మధ్య సరిపోతుంది. నడిమధ్యాహ్నం దేనికీ పనికిరాదు.

ఆకాశానికి స్కై టెక్స్చర్‌లో నిషిత ఎంచుకోండి. 2.90 నుంచి ఉంది. ధూళి విలువను 1 నుంచి 2కో 3కో పెంచితే మన వేసవి ఆకాశానికి దగ్గరవుతుంది. నిర్మలమైన నీలం ఇక్కడ వర్షాలు వెలిశాక కనిపించేదే. దీనితో వచ్చే మొదటి ఫిర్యాదు: బొమ్మంతా తెల్లగా పేలిపోవడం. ఈ ఆకాశం అసలు సూర్యుడంత ప్రకాశంతో వస్తుంది కాబట్టి కలర్ మేనేజ్‌మెంట్‌లో ఎక్స్‌పోజర్‌ని మైనస్ 2, మైనస్ 4 మధ్యకి దించాలి. ఆకాశం బలాన్నే 0.1కి దించమని చాలా వీడియోల్లో చెప్తుంటారు. చూపుకి ఒకటే అయినా, అప్పుడు ఇంట్లో దీపాలకీ ఎండకీ ఉన్న నిష్పత్తి పాడవుతుంది. మిట్టమధ్యాహ్నం వరండా బల్బు వెలుగు గోడమీద కనిపిస్తే నమ్మేవాళ్లెవరు?

తెల్లగోడ బూడిదరంగులో ఎందుకుంటుంది

4.0 నుంచి డిఫాల్ట్ రంగు మార్పిడి ఏజీఎక్స్. మరీ ప్రకాశమైన చోట్లని మెత్తగా తెలుపులోకి కలుపుతుంది కాబట్టి ఎండపడ్డ గోడ, కిటికీ అంచు ఫోటోలో ఉన్నట్టే వస్తాయి. స్టాండర్డ్‌లో పెడితే ఇవే చోట్లు గీత గీసినట్టు తెగిపోతాయి. ఏజీఎక్స్‌తో చిక్కు ఏమిటంటే రంగుల్ని కొంచెం నీరసం చేస్తుంది. లుక్‌లో మీడియం హై కాంట్రాస్ట్ ఎంచుకుని, ఎక్స్‌పోజర్ అర స్టాప్ పెంచితే చాలావరకు తేరుకుంటుంది.

కానీ పెయింట్ షేడ్ కార్డులోని రంగు అచ్చంగా అలాగే కావాలని ఇంటాయన పట్టుబడితే ఏజీఎక్స్ నెగ్గదు. దానికి 4.2లో ఖ్రోనోస్ పీబీఆర్ న్యూట్రల్ అనే మార్పిడి చేర్చారు. వస్తువుల అసలు రంగును చెడగొట్టకుండా చూపించడమే దాని పని. షేడ్లు తేల్చుకోవడానికి ఒక బొమ్మ దాంట్లో, ఆఖరి బొమ్మ ఏజీఎక్స్‌లో ఇస్తే ఇద్దరికీ గొడవ ఉండదు.

గోడకి తెలుపు ఇచ్చేటప్పుడు 1.0 ఇవ్వకండి. సున్నం వేసిన గోడ కూడా పడిన వెలుతురునంతా తిప్పి పంపదు. 0.8 దగ్గర ఆపండి. 1.0 ఇస్తే గదిలో వెలుతురు చావకుండా తిరుగుతూనే ఉంటుంది, మూలల్లో నీడ మాయమవుతుంది, నాయిస్ (చుక్కల గరుకు) పెరుగుతుంది. నల్ల గ్రానైటుకి కూడా సున్నా కాదు, 0.03 ఇవ్వాలి.

కిటికీ అద్దం: ఇంటీరియర్ బొమ్మలు చెడేది ఇక్కడే

గాజుకి గ్లాస్ షేడర్ (ఉపరితలం కాంతితో ఎలా ప్రవర్తించాలో చెప్పేది) పెట్టి, నాయిస్ తగ్గడానికి కాస్టిక్స్ (గాజు వంచి పంపే కాంతి లెక్క) ఆపేస్తే గది చీకటైపోతుంది. కారణం సూటిగా ఉంది. గ్లాస్ షేడర్ గుండా వెళ్లే సూర్యకాంతిని సైకిల్స్ కాస్టిక్స్ కిందే లెక్కిస్తుంది. అవి ఆపేస్తే గాజు రేకు తలుపులా అడ్డం పడుతుంది. కాస్టిక్స్ ఆన్ చేస్తే గదంతా తెల్లటి చుక్కలు.

మార్గం: మిక్స్ షేడర్ తీసుకుని పై సాకెట్‌లో గ్లాస్, కింది సాకెట్‌లో ట్రాన్స్‌పరెంట్ కలపండి. లైట్ పాత్ నోడ్‌లోంచి ఈజ్ షాడో రే, ఈజ్ డిఫ్యూజ్ రే రెండింటినీ మాథ్ నోడ్‌లో మ్యాగ్జిమమ్‌తో కలిపి ఫ్యాక్టర్‌కి ఇవ్వండి. ఇప్పుడు కెమెరాకి గాజు గాజులాగే మెరుస్తుంది, ఎండకి మాత్రం ఖాళీలా ఉంటుంది. నిజమైన గాజు కొంత కాంతిని ఆపుతుంది కాబట్టి ట్రాన్స్‌పరెంట్ రంగుని 0.95కి దించండి. గాజుకి రెండు ముఖాలుంటాయి, మొత్తం మీద 0.9 అవుతుంది. గాజుని మందం లేని పలకగా పెడితే అవతలి చెట్లు పక్కకి జరిగినట్టు వంకరగా కనిపిస్తాయి. 5 మి.మీ. మందం తప్పనిసరి, వక్రీభవన గుణకం (ఐఓఆర్) 1.52.

తర్వాత ప్రతి కిటికీకీ సరిపడా సైజులో ఒక ఏరియా లైటు పెట్టి, దాని సెట్టింగుల్లో పోర్టల్ టిక్కు పెట్టండి. బాణం గదిలోకి చూడాలి. పోర్టల్ తనంతట తాను వెలుతురు ఇవ్వదు. ఆకాశపు వెలుతురు ఏ కంతలోంచి వస్తుందో సైకిల్స్‌కి చూపిస్తుంది, దాంతో గోడల మీద గరుకు తగ్గుతుంది. బయటి సీనుకి దీని అవసరం లేదు.

చుక్కలు ఇంకా ఉంటే ఇన్‌డైరెక్ట్ క్లాంప్ డిఫాల్ట్ 10 నుంచి 5కి దించి చూడండి. ఇంకా దించితే చుక్కలు పోతాయి గానీ గది మూలల్లోని వెలుతురూ వాటితో పాటే పోతుంది. లైట్ పాత్స్‌లో డిఫ్యూజ్ బౌన్సులు (వెలుతురు గోడల మధ్య ఎన్నిసార్లు ఎగరాలో) 4 ఉంటాయి. తెల్లగోడల గదికి 6, 8 ఇస్తే కారిడార్లు, మెట్లకింద చీకటి తెరిపిస్తుంది. అంతకుమించి పెంచినా సమయం దండగే.

కెమెరా గదిలో పట్టకపోతే లెన్సుని 14 మి.మీ.కి లాగడం అందరూ చేసేదే. సోఫా గది పొడవంతా సాగిపోతుంది, పన్నెండడుగుల హాలు ఫంక్షన్ హాల్లా కనిపిస్తుంది, గృహప్రవేశం రోజున నిరాశే మిగులుతుంది. 20 నుంచి 24 మి.మీ. దగ్గర ఉండి కెమెరాని గోడ వెనక్కి జరపండి. కెమెరా క్లిప్ స్టార్ట్ విలువ పెంచితే అడ్డమున్న గోడ బొమ్మలో కనిపించదు, కానీ వెలుతురుని మాత్రం మామూలుగానే తిప్పి పంపుతుంది. ఎలివేషన్‌కి కెమెరా ఎత్తు 1.6 మీటర్లు, ఎక్స్ తిప్పుడు కచ్చితంగా 90 డిగ్రీలు. పై అంతస్తు పట్టడానికి కెమెరాని పైకి వంచకుండా షిఫ్ట్ వై పెంచండి, అప్పుడు పిల్లర్లు నిటారుగా నిలుస్తాయి.

దీపాలు

ఇక్కడ వాట్లంటే కరెంటు బిల్లు వాట్లు కావు, బయటికొచ్చే కాంతి శక్తి. 800 ల్యూమెన్‌ల ఎల్‌ఈడీ బల్బుకి బ్లెండర్‌లో ఇవ్వాల్సింది సుమారు 2.1 వాట్లు. డబ్బా మీద 9 వాట్లని ఉంది కదా అని 9 ఇస్తే నాలుగింతల వెలుగు వస్తుంది. రంగుకి బ్లాక్‌బాడీ నోడ్ వాడి ఫాల్స్ సీలింగ్ అంచు లైట్లకి 3000, ట్యూబ్‌లైటుకి 6500 ఇవ్వండి. మన ఇళ్లలో ఈ రెండూ ఒకే గదిలో ఉండటం మామూలే, బొమ్మలో కూడా ఆ తేడా ఉంటేనే ఇల్లులా ఉంటుంది. స్పాట్ లైట్లకి తయారీదారులు ఇచ్చే ఐఈఎస్ ఫైళ్లను (వెలుగు ఎటు ఎంత పడుతుందో చెప్పేవి) ఐఈఎస్ టెక్స్చర్ నోడ్‌లో పెడితే గోడమీద అసలైన వెలుగు ఆకారం పడుతుంది.

రెండర్ అయ్యాక ఒక లైటు తగ్గించమంటారు. దీనికోసమే లైట్ గ్రూపులు ఉన్నాయి, 3.2 నుంచి. సీలింగ్ లైట్లు ఒక గ్రూపు, స్పాట్లు ఒకటి, ఆకాశం ఒకటి. రెండర్ తర్వాత బొమ్మని సవరించే కంపోజిటర్‌లో ఒక్కోదాన్నీ విడిగా తగ్గించొచ్చు, మళ్లీ రెండర్ అక్కర్లేదు. ఈ ఒక్క సదుపాయం కోసమే బ్లెండర్‌కి రావచ్చు అనిపిస్తుంది.

రాయి, చెక్క, టైల్స్

పాలీ హేవెన్, యాంబియంట్ సీజీ రెండూ మెటీరియళ్లను సీసీ0 (ఏ షరతూ లేని లైసెన్సు) కింద ఉచితంగా ఇస్తాయి. యూరోపియన్ ఇటుక, ఓక్ చెక్క కావలసినన్ని దొరుకుతాయి. తాండూరు రాయి, కడప బండ, టేకు తలుపు, పసుపు రాసిన గడప కావాలంటే మీరే చేసుకోవాలి. మబ్బు పట్టిన రోజున రాయికి నిటారుగా పైనుంచి ఫోటో తీసి, పక్కనే టేపు పెట్టి ఆ ఫోటోలో ఎన్ని మీటర్లున్నాయో రాసుకోండి. ఎండలో తీస్తే ఆ నీడలు బొమ్మలో తప్పు దిక్కున కనిపిస్తాయి.

రఫ్‌నెస్ (గరుకుదనం), నార్మల్ (ఎత్తుపల్లాలు) మ్యాపులకి కలర్ స్పేస్ నాన్ కలర్ పెట్టడం మర్చిపోతే ఉపరితలం నూనె రాసినట్టుంటుంది. గుంటలుండాల్సిన చోట బుడిపెలు కనిపిస్తే అది డైరెక్ట్ఎక్స్ పద్ధతి నార్మల్ మ్యాపు. బ్లెండర్‌కి ఓపెన్‌జీఎల్ పద్ధతి కావాలి, ఆకుపచ్చ ఛానెల్‌ని తిరగేయండి.

600 మి.మీ. విట్రిఫైడ్ టైల్స్‌కి 2 మి.మీ. జాయింటు, రఫ్‌నెస్ 0.05 నుంచి 0.15. నేలంతా ఒకే పలకలా అద్దంలా మెరవడం అబద్ధం. ఒక్కో టైలు వెంట్రుకవాసి అటూ ఇటూ ఒరిగి ఉంటుంది కాబట్టి కిటికీ ప్రతిబింబం జాయింటు దగ్గర విరుగుతుంది. ప్రతి టైలుకీ కొద్దిపాటి రాండమ్ వంపు ఇస్తే అది వచ్చేస్తుంది. తలుపు చెక్కలో నిలువు బద్దలకి చెక్క చారలు నిలువుగా, అడ్డబద్దలకి అడ్డంగా పోవాలి. మొత్తం తలుపుకి ఒకే మ్యాపింగ్ ఇచ్చిన బొమ్మని వడ్రంగి ఒక్క చూపులో పట్టేస్తాడు.

చెట్లు, వీధి

మందార, గన్నేరు, వేప మోడళ్లు ఉచితంగా మంచివి దొరకడం కష్టం, కొబ్బరి మాత్రం ఫర్వాలేదు. ఆకులకి పారదర్శక పలకలు వాడితే చెట్టు లోపల నల్లగా మాడిపోయినట్టు రావచ్చు. ట్రాన్స్‌పరెంట్ బౌన్సులు 8 మాత్రమే ఉండటం దానికి కారణం, 24కి పెంచండి. చెట్టుని కాపీ చేసేటప్పుడు ఆల్ట్ డీ వాడాలి, షిఫ్ట్ డీ కాదు. ఆల్ట్ డీతో వంద చెట్లకీ మెమరీలో ఒక్క చెట్టే ఉంటుంది.

వీధి స్తంభం, కేబుల్ వైర్లు, పక్కింటి నల్ల ట్యాంకు బొమ్మలో పెట్టాలా వద్దా అన్నది ఇంటివాళ్ల ఇష్టం. పెడితే ఇల్లు ఆ వీధిలోనే నిలబడ్డట్టుంటుంది. చాలామంది తీసేయమనే అంటారు. కనీసం ప్రహరీ అడుగున తడి మరక, రోడ్డంచున మట్టి ఉంచండి, వాటికి ఎవరూ అభ్యంతరం చెప్పరు.

నాయిస్, కార్డు, సమయం

డిఫాల్ట్ 4096 శాంపుల్సూ (ఒక్కో పిక్సెల్‌కి వేసే లెక్కలు), 0.01 నాయిస్ త్రెషోల్డూ ఇంటీరియర్‌కి వదిలేస్తే తెల్లారిపోతుంది. పని జరుగుతున్నప్పుడు 0.1, ఆఖరికి 0.02 నుంచి 0.03, గరిష్ఠంగా 1000 శాంపుల్స్ చాలు. మిగతాది ఓపెన్ ఇమేజ్ డీనాయిస్ చూసుకుంటుంది. పాసుల్లో ఆల్బెడో అండ్ నార్మల్, ప్రీఫిల్టర్‌లో ఆక్యురేట్ పెట్టండి. 4.1 నుంచి ఇది గ్రాఫిక్స్ కార్డు మీద కూడా నడుస్తుంది. శాంపుల్స్ మరీ తగ్గిస్తే సోఫా బట్ట నేత, సన్నని గ్రిల్లు, తాండూరు రాయి గరుకు అలికేసినట్టు పోతాయి. వాక్‌త్రూ వీడియోలో ఇదే లోపం గోడమీద పాకే మచ్చల్లా కనిపిస్తుంది, ఎందుకంటే ప్రతి ఫ్రేమునీ విడివిడిగా శుభ్రం చేస్తుంది.

మెమరీ లెక్క వేసుకోవడం తేలికే. ఒక 4కే రంగు మ్యాపు కార్డు మీద 64 ఎంబీ, నార్మల్ మ్యాపు ఇంకో 64. ఇలాంటివి 20 మెటీరియళ్లుంటే రెండున్నర జీబీ అక్కడే పోయింది, ఇంకా చెట్లు రాలేదు. ఎలివేషన్‌కి 8 జీబీ కార్డు సరిపోతుంది, ఇంటీరియర్ ఫర్నిచర్‌తో సహా అంటే 12 ఉండాలి. మెమరీ చాలక రెండర్ ఆగిపోతే సింప్లిఫైలో టెక్స్చర్ లిమిట్ 2048 చేయండి, దూరపు గోడ మీద తేడా కనిపించదు. ఎన్‌విడియా కార్డుకి ప్రిఫరెన్సుల్లో క్యూడా బదులు ఆప్టిక్స్ ఎంచుకోండి. కొత్తగా ఇన్‌స్టాల్ చేసినప్పుడు అక్కడ ఏదీ ఎంచుకుని ఉండదు. కార్డు ఖాళీగా ఉండి ప్రాసెసర్ ఒక్కటే నానా తిప్పలు పడుతుంటే చూడాల్సింది అదే.

వేగం కావాలంటే బ్లెండర్‌లోనే ఈవీ అనే ఇంకో రెండర్ ఇంజన్ ఉంది, 4.2లో కొత్తగా రాశారు. అయితే అది ప్రతిబింబాలను తెరమీద ఉన్నదాన్నిబట్టే లెక్కిస్తుంది. కెమెరాకి కనిపించని కిటికీ నేల టైల్స్‌లో మెరవదు. ఎలివేషన్ డ్రాఫ్టులకి బాగుంటుంది, హాలుకి వద్దు.

రోజువారీ ఎలివేషన్ల ఆఫీసుకి ట్విన్‌మోషన్ అనే రెండరర్ వైపు చూడమంటాం. సంవత్సర ఆదాయం 10 లక్షల డాలర్ల లోపున్నవాళ్లకి అది 2024 నుంచి ఉచితం. చెట్లు, మనుషులు, కార్లు లాగి పడేయొచ్చు, మార్పు వెంటనే కనిపిస్తుంది. స్కెచప్, రెవిట్‌లోంచి బయటికి రాకుండానే చూడాలంటే ఎన్‌స్కేప్. సైకిల్స్ ముందు వీటి ఇంటీరియర్ వెలుతురు కాస్త తేలిపోతుంది గానీ, సాయంత్రానికి మూడు రంగుల్లో ఎలివేషన్ కావాలన్నవాళ్లకి ఆ తేడా అక్కర్లేదు.

ఫైలు పంపేముందు

ఏ3 ప్రింటు 300 డీపీఐలో అంటే 4961 × 3508 పిక్సెళ్లు. 150 డీపీఐకి దిగితే పిక్సెళ్లు నాలుగోవంతే, రెండర్ సమయం కూడా దాదాపు అంతే తగ్గుతుంది. గోడకి తగిలించే బొమ్మకి అది చాలు. సైటు దగ్గర కట్టే పదడుగులు, ఆరడుగుల ఫ్లెక్సుకి 40 డీపీఐ సరిపోతుంది, అంటే 4800 × 2880. దాన్ని రోడ్డవతల నుంచి చూస్తారు కాబట్టి 300 డీపీఐ అడిగే ప్రింటర్ మాట వినక్కర్లేదు. పెద్ద సైజుల్లో రెండర్ ముక్కలు ముక్కలుగా డిస్కులోకి రాసుకుంటుంది, సీ డ్రైవులో జాగా ఉంచండి.

దాచుకునే కాపీ మల్టీలేయర్ ఓపెన్‌ఈఎక్స్ఆర్‌లో ఉండాలి. లైట్ గ్రూపులు, పాసులు అన్నీ అందులోనే ఉంటాయి. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపండి, ఫోటోగా పంపితే గ్రిల్లు గీతలు అరిగిపోతాయి. ఫ్లెక్సువాళ్లు సీఎంవైకే (ప్రింటు రంగుల) ఫైలు అడిగితే బ్లెండర్ ఇవ్వలేదు. క్రీటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో తెరిచి మార్చుకోవాలి, అప్పుడు ఆకాశం నీలం, గడ్డి పచ్చ కొంచెం చప్పబడతాయి. ఆ రెండు రంగుల్నీ ముందే కాస్త తగ్గించి రెండర్ చేస్తే, ఫ్లెక్సు చూసి రంగు మారిందని ఎవరూ ఫోన్ చేయరు.